పదకొండు గోల్స్ తర్వాతి శుక్రవారం

ఇంజనీరు ఉమామహేశ్వరరావుగారు నాతో ఎప్పుడూ హిందీలోనే మాట్లాడేవారు. "దేఖో జబీ భాయ్, పిక్చర్ సాఫ్ ఆనా చాహియే" అనేవారు, బొమ్మ స్పష్టంగా రావాలని. "వస్తాది సార్, గాలికి రవ్వంత కదిలింది, అంతే" అని నేను తెలుగులో చెప్పేవాణ్ణి. ఆయన మళ్ళీ హిందీలోనే అందుకునేవారు. నా పేరు జబీవుల్లా కాబట్టి నేను ఉర్దూలోనే పుట్టి పెరిగి ఉంటానని ఆయన లెక్క. మాది గుంతకల్లు. దూదేకులవాళ్ళం. తాతల కాలం నుంచి మా ఇంట్లో తెలుగు తప్ప ఇంకో మాట లేదు. నాకొచ్చిన ఆ కాస్త ఉర్దూ సౌదీలోని ఈ హాయిల్‌కు వచ్చాక పాకిస్తానీల దగ్గర నేర్చుకున్నది, అందులోనూ సగం తిట్లే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, 2007 నాటికి నేను సౌదీకి వచ్చి నాలుగేళ్ళు దాటింది. టీవీ డిష్‌లు బిగించే కొట్లో పని. గదిలో నాతోపాటు ఒక మలయాళీ, ఇద్దరు పాకిస్తానీలు, ఒక బంగ్లాదేశీ. అందరూ మంచివాళ్ళే, కానీ ఆరోగ్యం బాగాలేదని చెప్పాలన్నా నేను ముందు మనసులో తర్జుమా చేసుకోవాలి. ఊళ్ళో తెలుగువాళ్ళు లేరని కాదు. డాక్టర్లున్నారు, ఇంజనీర్లున్నారు. వాళ్ళ మిద్దెలెక్కి తెలుగు చానెళ్ళు తెప్పించేది నేనే. కింద వాళ్ళు చల్లగా కూర్చుని తెలుగు వింటుంటే పైన నేను ఎండలో బోల్టులు బిగిస్తూ ఉండేవాణ్ణి. నాకు కడుపు మండేది. ఉన్నమాట చెబుతున్నాను.

మా పనిలో ఒక పద్ధతుంది. ఇంట్లో మగవాళ్ళు లేకపోతే లోపల అడుగు పెట్టకూడదు. బయటి మెట్ల మీదుగా మిద్దె ఎక్కి డిష్ తిప్పుతాం. బొమ్మ వచ్చిందో లేదో పైనున్నవాడికి తెలియదు. లోపలి ఆడవాళ్ళు పరాయి మగవాడితో మాట్లాడరు. అందుకని నీళ్ళ ట్యాంకు నుంచి వంటింట్లోకి దిగే ఇనప పైపు మీద గరిటెతో కొడతారు. ఒక దెబ్బంటే రాలేదని, రెండు దెబ్బలంటే వచ్చిందని. అలా ఎన్నో ఇళ్ళకు బొమ్మ తెప్పించాను, ఒక్క గొంతు వినలేదు. నాకంటే ముందు ఆ కొట్లో పనిచేసినవాడు ఒకింటి మెట్ల మీద ఒకావిడతో రెండు నిమిషాలు మాట్లాడాడని ఎవరో కఫీల్ చెవిన వేశారు. కఫీల్ అంటే మమ్మల్ని రప్పించుకున్న సౌదీ యజమాని, మా పాస్‌పోర్టులు ఆయన బీరువాలోనే ఉంటాయి. మూడో రోజున ఆ మనిషిని విమానం ఎక్కించారు.

ఆ సెప్టెంబరు మొదట్లో ఇసుక గాలి లేచి ఊళ్ళో సగం డిష్‌లు కదిలిపోయాయి. రావుగారింటికి వెళ్ళి సరిచేసి వీధిలోకి దిగాను. వాళ్ళది పై వాటా. కింద వాటాలోని సౌదీ కుటుంబం వేసవికి ఊరెళ్ళి ఇంకా రాలేదు. నేను గోడ వారగా నడుస్తుంటే రావుగారి కిటికీలోంచి ముక్కు ముందుకి తాడుకు కట్టిన బుట్ట ఒకటి దిగింది. పక్కనున్న కిరాణా కొట్టు నుంచి రొట్టె, పాలు కిటికీలోంచి పైకి లాక్కోవడానికి ఆడవాళ్ళు పెట్టుకునే బుట్ట. అందులో మడతపెట్టిన కాగితం ఉంది.

"జబీ గారికి నమస్కారం. సోమవారం నుంచి చైనాలో ఆడవాళ్ళ ఫుట్‌బాల్ ప్రపంచ కప్. చైనా చానెల్ మన డిష్‌కు అందుతుందని విన్నాను. అర్జెంటీనా జట్టు ఆడే మూడు ఆటలు నేను చూడాలి. మావారు డ్యూటీ నుంచి సాయంత్రం అయిదున్నరకు వస్తారు. తను లేనప్పుడు పనివాళ్ళు రావడం ఆయనకు ఇష్టం ఉండదు. ఆలోగా డిష్ మళ్ళీ ఎప్పటిలా ఉండాలి. కుదరదంటే ఈ కాగితం చింపేయండి. పద్మజ."

బుద్ధి ఉన్నవాడైతే అక్కడే చింపేసేవాడు. నేను జేబులో పెట్టుకున్నాను. నా పేరు పక్కన కాగితం మీద ఎవరైనా తెలుగులో నమస్కారం రాసి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తు లేదు.

సోమవారం మధ్యాహ్నం రెండింటికే మిద్దె ఎక్కాను. డిష్ కాలు మీద పాత స్థానం దగ్గర తెల్ల పెయింటుతో గీత గీసుకుని, బోల్టు వదులు చేసి తూర్పుకు తిప్పాను. అరగంట సతాయించాక పైపు మీద రెండు దెబ్బలు వినిపించాయి. కొట్టుకు వెళ్ళి మళ్ళీ రావాలంటే ఊరి ఆ చివరికి పోవాలి. అందుకని ఆట అయ్యేదాకా ట్యాంకు నీడలో కూర్చున్నాను. నా తల పక్కనే హాల్లోకి వెలుతురు కోసం వదిలిన గవాక్షం ఉంది. దాంట్లోంచి ముందు చైనా భాష వినిపించింది. తర్వాత ఆవిడ గొంతు వినిపించింది.

ఆవిడ టీవీతో మాట్లాడుతోంది. "ముందుకు రా తల్లీ, గీత మీదే నిలబడితే ఎలా? ఎడమ పక్క ఖాళీగా వదిలేశారు చూడు. అరవవే, నువ్వరవకపోతే వాళ్ళకెలా తెలుస్తుంది?" ఆ మాటలు గోల్‌కీపర్‌కని కాసేపటికి అర్థమైంది. నాకు ఫుట్‌బాల్ గురించి తెలిసింది ఏమీ లేదు. బంతి లోపలికి పోతే గోలని తెలుసు, అంతే. అయినా నేను మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని, చెవి ఆ గవాక్షానికి ఆనించి కూర్చున్నాను. ఒక తెలుగు మనిషి కోపం, విసుగు, బతిమాలడం, అన్నీ నాకు అడుగు దూరంలో జరుగుతున్నాయి. అవి నాకోసం కాదు. అయినా ఆకలిగొన్నవాడిలా విన్నాను, ఇందులో నాకేం సిగ్గు లేదు.

జర్మనీ వాళ్ళు విరామానికే అయిదు గోల్స్ కొట్టారు. ఆవిడ "అయ్యో" అన్నప్పుడల్లా నేను వేళ్ళు ముడుస్తూ వచ్చాను. విరామం తర్వాత "అయ్యో"లు కూడా ఆగిపోయాయి. చాలాసేపటికి చిన్న గొంతుతో ఆవిడ అన్న మాట ఇది: "నేను తొమ్మిది గోల్స్ తిన్నానమ్మా. తొమ్మిదికే మళ్ళీ గ్రౌండు ముఖం చూడలేదు. నువ్వు లే. ఎలాగోలా లే."

పదకొండు గోల్స్ పడ్డాయి. ఆట ముగిసింది. డిష్ తిప్పమని పైపు కొట్టాలి కదా, కొట్టలేదు. అయిదు అయింది, అయిదుంపావు అయింది. పైనుంచి పిలిచే వీలు లేదు, దిగి తలుపు తట్టే వీలు అసలే లేదు. రావుగారి కారు వస్తుందేమోనని వీధి చివరికి చూస్తూ స్పానరు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. చివరికి పైపు మోగింది. గబగబా గీత దగ్గరికి తిప్పి బోల్టు బిగించి దిగాను. కింద బుట్ట వేలాడుతోంది. అందులో ప్లాస్కు నిండా టీ, ఒక కాగితం ఉన్నాయి.

"తర్వాతి ఆట శుక్రవారం మధ్యాహ్నం పన్నెండుకి, జపాను మీద. శుక్రవారం మావారు పనిచేసే మిల్లు ఆపి మరమ్మతులు చేస్తారు, ఆయన సాయంత్రం దాకా అక్కడే. పదకొండు తిన్న జట్టు నాలుగో రోజున ఎలా నిలబడుతుందో నేను చూసి తీరాలి. ఎందుకని అడగకండి. తప్పకుండా రండి అన్నయ్యా."

నేను ఎందుకని అడగాల్సిన పని లేదు. గవాక్షం నాకు చెప్పేసింది. నన్ను నేను అడగాల్సింది ఇంకోటుంది. గురువారం నుంచి రంజాన్. శుక్రవారం పన్నెండంటే జుమ్మా నమాజు. రంజాన్ నెల మొదటి జుమ్మా ఎగ్గొట్టి, ఉపవాసంతో ఒక పరాయి ఇంటి మిద్దె మీద కూర్చుని ఆడవాళ్ళ ఫుట్‌బాల్ వింటానా? మా అబ్బకు తెలిస్తే నన్నే కాదు, నా పేరును కూడా ఇంట్లోకి రానివ్వడు. పైగా నమాజు వేళ వీధిలో తిరిగేవాళ్ళను పట్టుకునే మనుషులు ఇక్కడ ఉండనే ఉన్నారు. రెండు రోజులు ఆలోచించి రెండూ చేద్దామనుకున్నాను. పదకొండున్నరకే డిష్ తిప్పేసి మసీదుకు పోతాను, నమాజు కాగానే తిరిగి వచ్చేస్తాను.

అలాగే చేశాను. రెండు దెబ్బలు వినబడ్డాయి, దిగాను. బోల్టు మాత్రం గట్టిగా బిగించలేదు. మళ్ళీ వెనక్కి తిప్పాల్సిందే కదా, తొందరలో మొరాయిస్తే ఎలా అని వేళ్ళతో తిప్పి వదిలేశాను. ఇన్నేళ్ళ పని అనుభవం ఉన్నవాడు చేయాల్సిన పని కాదు. గాలి లేదు కదా అనుకున్నాను.

ఇమాము ఏం చెప్పాడో నాకు ఒక్క ముక్క తలకెక్కలేదు. నమాజు అయింది. నేరుగా వెళ్ళాల్సింది, కానీ ప్రతి శుక్రవారం జుమ్మా కాగానే ఇంటికి ఫోను చేయడం నాకు అలవాటు. ఆ వేళకు గుంతకల్లులో అందరూ ఫోను చుట్టూ చేరతారు. చేయకపోతే నేను చచ్చానేమో అనుకుంటారు. ఫోను బూత్ దగ్గర వరసలో నిలబడితే నా వంతు వచ్చేసరికి ఒంటిగంట దాటింది. మా ఆవిడ మేరాజ్ బేగం తీసింది.

"ఏమి మామా, రోజా ఉండావా?"

"ఉండా."

"ఆరోగ్యమా?"

"ఆరోగ్యమే. పిల్లోళ్ళు?"

"బాగుండారు. ఇంగేం?"

"ఇంగేం లేదు. నువ్వు సెప్పు."

"నేనేం సెప్పేది. నువ్వే సెప్పల్ల."

నాలుగేళ్ళుగా ప్రతి శుక్రవారం ఇదే. అటు చుట్టూ పదిమంది చెవులొగ్గి ఉంటారు, ఇటు వెనక వరసలో ఇరవైమంది గొణుగుతుంటారు. మొగుడూ పెళ్ళాం ఏం మాట్లాడుకుంటారు? పాపం, తన తప్పేం లేదు. ఆ రోజు మాత్రం నాకు నోటిదాకా వచ్చింది, ఒక ఆడమనిషి ఫుట్‌బాల్ ఆడేవాళ్ళతో తెలుగులో మాట్లాడుతుంటే విన్నానని చెబుదామని. చెప్తే మేరాజ్ ఏమనుకుంటుంది! ఊరుకున్నాను. తర్వాత మా అమ్మ, మా తమ్ముడు, వరసగా అందరూ "ఇంగేం" అన్నారు. ఫోను పెట్టి బయటికి వచ్చేసరికి వీధిలో దుమ్ము లేస్తోంది.

నేను పరుగెత్తాను. ఉపవాసపు నోరు పిడచకట్టుకుపోయింది. మిద్దె ఎక్కేసరికి రెండు కావస్తోంది. అనుకున్నట్టే డిష్ గాలికి జానెడు పక్కకు తిరిగి, తాళం తప్పిన తలుపులా ఊగుతోంది. ఈ ఒక్క ఆట చూసి తీరాలని ఆవిడ రాసింది. అది కూడా చూపించలేకపోయిన వెధవను నేను.

పైపు మోగింది. ఒకటి కాదు, రెండు కాదు, పెళ్ళి మేళంలా ఆగకుండా మోగింది. నాకేమీ అర్థం కాలేదు. డిష్‌ను గీతకు చేర్చి ఈసారి చచ్చేట్టు బిగించి కిందికి దిగాను. బుట్టలో కాగితం ఉంది, అక్షరాలు వంకరటింకరగా పరుగెత్తాయి.

"అన్నయ్యా! ఒక్క గోలూ తినలేదు! ఆఖర్లో బొమ్మ పోయింది, అప్పటికి రెండు మూడు నిమిషాలే మిగిలున్నాయి. ఫరవాలేదు. సున్నాకి సున్నా! పదకొండు తిన్నవాళ్ళు నిలబడ్డారు!"

ఆ సాయంత్రం ఖర్జూరం నోట్లో వేసుకుంటుంటే ఎన్నడూ లేని తియ్యదనం తగిలింది. నావల్ల ఒకరికి సంతోషం కలిగిందంటే నాకే వింతగా ఉంది.

మర్నాడు శనివారం. రంజాన్‌లో పగటి పూట కొట్టుకు ఎవరూ రారు, నేనొక్కణ్ణే ఉన్నాను. ఆ నిలబడ్డవాళ్ళు ఎలా ఉంటారో ఒకసారి చూడాలనిపించింది. కొట్టు మిద్దె మీద పరీక్షకు పెట్టుకున్న డిష్‌ను తూర్పుకు తిప్పి కింద టీవీ ముందు కూర్చున్నాను. గంట తర్వాత నిన్నటి ఆటలోవి ముక్కలు ముక్కలుగా చూపించారు. లేత నీలం, తెలుపు చారల చొక్కాలు. సన్నటి పిల్లలు, మా ఊళ్ళో కాలేజీకి పోయే పిల్లల్లా ఉన్నారు. గడియారం తొంభై దాటింది. సున్నాకి సున్నా. హమ్మయ్య అనుకుంటున్నాను, అంతలో బంతి వాళ్ళ వలలో పడింది. జపాను పిల్లలు ఒకరి మీద ఒకరు పడి కేరింతలు కొట్టారు. తెర మీద ఒకటికి సున్నా అని వేశారు.

నేను బోల్టు బిగించి ఉంటే ఆవిడ దీన్ని చూసి ఉండేది. బిగించకపోవడం వల్ల చూడలేదు. ఇందులో నేను చేసింది తప్పో మేలో ఎంత ఆలోచించినా తేలలేదు.

ఆదివారం మధ్యాహ్నం కొట్లో ఫోను మోగింది. డిష్ మీద అంటించిన మా నంబరు చూసి చేసిందట.

"జబీ గారేనాండి? నేను పద్మజనండి. మాట్లాడొచ్చా? పక్కన ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరమ్మా. సెప్పండి."

"మీదే ఊరండి?"

ఎన్నేళ్ళకు అడిగారు ఈ మాట! గుంతకల్లు అన్నాను. రైల్వే స్టేషన్ వెనక వీధి అన్నాను. ఆవిడ అడక్కపోయినా మా అబ్బ పరుపులు కుట్టేవాడని, మేము ముగ్గురు అన్నదమ్ములమని చెప్పాను. ఆవిడ నవ్వి తనది కాకినాడ అంది. కాలేజీలో ఉండగా గోల్‌కీపర్‌గా ఆడిందట. అర్జెంటీనా వాళ్ళలాంటి చారల చొక్కాలే వాళ్ళ జట్టువీ.

"ఒక రోజు తొమ్మిది తిన్నానండి. మర్నాడు ఇంకో ఆట ఉంది. కడుపునొప్పని హాస్టల్లో పడుకున్నాను. అంతే, మళ్ళీ దిగలేదు. దిగుంటే ఏమయ్యేదోనని పదిహేనేళ్ళు అనుకున్నాను. ఇక్కడ ఇండియన్ స్కూల్లో ఆడపిల్లలకి ఆటలు నేర్పే టీచరు కావాలంటున్నారు. నాలుగు నెలల్నుంచి అడుగుదామా వద్దా అని చస్తున్నాను. శుక్రవారం వాళ్ళని చూశాక ధైర్యం వచ్చేసిందండి. రేపు పొద్దున్నే వెళ్ళి అడుగుతాను. మావారికి కూడా చెప్పేశాను."

"సార్ ఏమన్నాడు?"

"గంటసేపు ఏమీ అనలేదు. తర్వాత, కారులో దింపుతాలే అన్నారు."

ఒక్క మాట చెప్పేస్తే అయిపోయేది. అమ్మా, తొంభై దాటాక ఒకటి తిన్నారు, కానీ అప్పటిదాకా నిలబడ్డారు కదా, అదే గొప్ప అని చెప్పొచ్చు. నాకు అంత నేర్పు లేదు. నాలుగేళ్ళుగా "ఇంగేం" తప్ప ఏమీ మాట్లాడని నోరు నాది.

"రేపు మధ్యాహ్నం ఇంగ్లండు మీద ఆట ఉందండి," అందావిడ. "స్కూలు నుంచి పదకొండుకల్లా వచ్చేస్తాను. మీరొస్తారు కదా?"

వెళితే మళ్ళీ ఆ గవాక్షం పక్కన తొంభై నిమిషాలు కూర్చోవచ్చు. కానీ ఆట మొదట్లోనే ఎవరికెన్ని పాయింట్లో తెర మీద వేస్తారు. సమంగా ముగిసిన ఆటకు ఒక పాయింటు రావాలి, అర్జెంటీనా పక్కన మాత్రం సున్నా ఉంటుంది. ఆవిడ అది చదువుతుంది.

"లేదమ్మా," అన్నాను. "ఆ చానెల్ మూసేసినారు. ఇంగ ఈ పక్కకు రాదు."

"అయ్యో. పోన్లెండి, చూడాల్సింది చూశాను," అంది. "మీ మేలు మర్చిపోను అన్నయ్యా." ఫోను పెట్టేసింది.

సోమవారం మధ్యాహ్నం కొట్లో ఒక్కణ్ణే కూర్చుని ఆ ఆట చూశాను. ఎందుకు చూశానంటే, వేరే పని లేదు. ఇంగ్లండు వాళ్ళు ఆరు కొట్టారు. నేను చేసిన పని మంచిదేనని మధ్య మధ్యలో నాకు నేను చెప్పుకున్నాను. అయితే రెండో సగంలో బంతి ఒకసారి ఇంగ్లండు వల్లో పడింది. అవును, ఇంగ్లండు వల్లో. ఆ మూడు ఆటల్లో వాళ్ళు కొట్టిన ఒకే ఒక్క గోల్ అది. చారల చొక్కాల పిల్లలందరూ పరుగెత్తుకుంటూ వచ్చి ఒకరినొకరు వాటేసుకున్నారు. పద్దెనిమిది గోల్స్ తిన్న జట్టు అంత సంతోషంగా ఉండగలదని నాకు తెలియదు.

నేను లేచి నిలబడి అరిచాను. నా చెయ్యి దానంతటదే ఫోను మీదికి పోయింది. ఆవిడ చేసిన నంబరు అందులోనే ఉంది. కానీ ఏమని చెప్పను? హాయిల్‌లో ఈ గోల్ గురించి తెలుగులో చెప్పుకోవడానికి నాకున్నది ఒకే ఒక్క మనిషి. ఆ మనిషికి, చానెల్ మూసేశారని చెప్పింది నేనే.